చేతులు ఒక జత, కంప్యూటర్లు మూడు

నాలుగడుగుల టేబుల్. ఎడమ పక్కన ఆఫీసు వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్, మధ్యలో సొంత డెస్క్‌టాప్ మానిటర్, దాని ముందు కీబోర్డ్, మౌస్. కాళ్ల దగ్గర ఇంకో పాత సీపీయూ. పదేళ్ల ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయని దాన్ని పారేయకుండా ఉంచారు. దానికో కీబోర్డ్, అది గోడకు ఆనించి నిలబెట్టి ఉంటుంది. కాఫీ గ్లాసు పెట్టుకోవడానికి జానెడు చోటు మిగలదు. ఆఫీసు మెయిల్‌కి జవాబు రాస్తూ ఉండగా చెయ్యి అలవాటు కొద్దీ పక్క కీబోర్డ్ మీదికి పోతుంది. రెండు వాక్యాలు కొట్టి తలెత్తి చూస్తే తెర మీద ఒక్క అక్షరం ఉండదు. ఆ రెండు వాక్యాలూ పక్క కంప్యూటర్లో తెరిచి ఉన్న ఏదో ఫైల్లో పడి ఉంటాయి.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసులన్నీ ఇళ్లలోకి వచ్చాయి. అంతదాకా బ్యాగులో వచ్చి బ్యాగులో వెళ్లిపోయిన ఆఫీసు ల్యాప్‌టాప్ ఇంట్లోనే కాపురం పెట్టింది. తర్వాత ఆఫీసులు తెరిచినా, వారంలో కొన్నాళ్లు ఇంటి నుంచే పని అన్న పద్ధతి చాలాచోట్ల నిలిచిపోయింది. ఇలా ఒకే మనిషి, ఒకే కుర్చీ, ఒక జత చేతులు, ఎదురుగా రెండు మూడు కంప్యూటర్లు అన్నది మామూలు దృశ్యమైంది. మనిషి ఒక్కడే అయినప్పుడు కీబోర్డులు మూడెందుకన్నది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు పెద్ద కంపెనీల సర్వర్ గదుల్లో ఎప్పుడో దొరికింది. అది ఇళ్లదాకా రావడానికే కాలం పట్టింది.

సర్వర్ గదిలో బీరువాల్లాంటి ర్యాకులు ఉంటాయి. ఒక్కో ర్యాకులో కంప్యూటర్లు అరల్లో పళ్లేల్లా పేర్చి ఉంటాయి. ఒక్కోదానికీ ఒక మానిటర్, ఒక కీబోర్డ్ పెడితే అసలు యంత్రాలకంటే వాటికే ఎక్కువ చోటు కావాలి. అందుకని అన్నింటికీ కలిపి ఒకే మానిటర్, ఒకే కీబోర్డ్, ఒకే మౌస్ పెట్టి, మధ్యలో ఒక స్విచ్ డబ్బా బిగించారు. దాని పేరు కేవీఎం స్విచ్. కీబోర్డ్, వీడియో, మౌస్ అనే మాటల మొదటి అక్షరాలవి. అమెరికాలో సైబెక్స్ అనే కంపెనీ స్థాపించిన రెమీజియస్ షాటాస్ 1995లో ఈ పేరును వాడుకలోకి తెచ్చాడని చెబుతారు. లైనక్స్‌లో ఇవే మూడక్షరాలతో పూర్తిగా వేరే సంగతి ఒకటి ఉంది. అది ఒక కంప్యూటర్ లోపల ఇంకో ఊహా కంప్యూటర్‌ను నడిపే ఏర్పాటు. ఇంటర్నెట్‌లో వెతికేవాళ్లు ఈ రెండింటి మధ్య తికమక పడటం మామూలే కాబట్టి, వెతికేటప్పుడు స్విచ్ అన్న మాట చేర్చడం మంచిది.

మొదటి తరం డబ్బాలు నిజంగానే ఉత్త స్విచ్‌లు. పాత టీవీ ఛానల్ మార్చే మీటలాంటి గుండ్రటి పిడి ఒకటి ముందు ఉండేది. తిప్పితే టక్కుమని చప్పుడు, లోపల రాగి తీగలు ఒక కంప్యూటర్ నుంచి ఊడి ఇంకోదానికి అతుక్కునేవి. కీబోర్డ్ వైరు పీకి పక్కదానికి పెట్టడానికీ దీనికీ తేడా ఏమీ లేదు. చిక్కంతా అక్కడే మొదలైంది. వైరు పీకేస్తే కంప్యూటర్‌కి తెలిసిపోతుంది.

ఆ రోజుల్లో కంప్యూటర్లు ఆన్ కాగానే చేసే మొదటి పనుల్లో ఒకటి, కీబోర్డ్ ఉందా లేదా అని చూసుకోవడం. పిడి వేరే వైపు తిరిగి ఉన్నప్పుడు కరెంటు పోయి వచ్చిందనుకోండి. కీబోర్డ్ దొరకని ఆ యంత్రం అక్కడే ఆగిపోయేది. కీబోర్డ్ లేదు, ముందుకు వెళ్లాలంటే ఎఫ్1 నొక్కండి అని తెర మీద రాసేది. లేని కీబోర్డ్ మీద ఎఫ్1 ఎలా నొక్కాలో దానికే తెలియాలి. పాతకాలం కంప్యూటర్ మెకానిక్కుల్లో ఈ సందేశం చూడనివాళ్లు ఉండరు.

మౌస్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. 1987లో ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతో పాటు తెచ్చిన గుండ్రటి ఆరు పిన్నుల సాకెట్లను చాలామంది చూసే ఉంటారు. కీబోర్డ్‌కి ఊదా రంగు, మౌస్‌కి ఆకుపచ్చ రంగు తర్వాత వచ్చాయి. కంప్యూటర్ నడుస్తుండగా పీకి పెట్టడానికి చేసినవి కావవి. అక్కడ మౌస్‌కి కరెంటు అందగానే అది కదలకుండా కూర్చుంటుంది. ఇక మాట్లాడవచ్చు అని కంప్యూటర్ ఆజ్ఞ ఇచ్చాకే తన కదలికలు చెప్పడం మొదలుపెడుతుంది. స్క్రోల్ చక్రం ఉన్న మౌస్ అయితే ఇంకో మెట్టు ఉంది. సెకనుకి 200 సార్లు కబురు చెప్పు, 100 సార్లు చెప్పు, 80 సార్లు చెప్పు అని కంప్యూటర్ వరుసగా మూడు ఆజ్ఞలిస్తుంది. తలుపు మీద మూడు దెబ్బలు కొట్టే రహస్య సంకేతం లాంటిది. ఆ మూడూ ఆ వరుసలో వినిపిస్తేనే మౌస్ తనకు చక్రం కూడా ఉందని బయటపెడుతుంది. పిడి తిప్పి కనెక్షన్ తెంపితే మౌస్ ఈ ఒప్పందమంతా మరిచిపోతుంది. మళ్లీ పిడి వెనక్కి తిప్పినా అది మౌనంగానే ఉంటుంది. కంప్యూటరేమో ఒప్పందం ఎప్పుడో అయిపోయింది కదా అనుకుంటుంది. రెండింటినీ కలిపేది రీస్టార్ట్ ఒక్కటే.

ఈ రెండు చిక్కుల్నీ విప్పిన ఉపాయమే అసలైన కేవీఎం స్విచ్ పుట్టుక. డబ్బా లోపల ఒక చిప్ పెట్టి, ఒక్కో కంప్యూటర్‌కీ ఒక్కో కీబోర్డ్, ఒక్కో మౌస్ వేషం కట్టించారు. మనిషి మొదటి కంప్యూటర్ మీద పనిచేస్తున్నంతసేపూ రెండోదానికి ఆ చిప్ కబుర్లు చెబుతూనే ఉంటుంది. కీబోర్డ్ ఇక్కడే ఉంది, ఎవరూ ఏమీ నొక్కడం లేదు, అంతే. ఆ మూడు దెబ్బల సంకేతం వస్తే బదులు పలుకుతుంది, అది ఒప్పుకున్న షరతులన్నీ గుర్తుపెట్టుకుంటుంది. దీన్ని ఎమ్యులేషన్ అంటారు. కేవీఎం డబ్బాల మధ్య ధరలో తేడాకి ఇదీ ఒక కారణం. చూస్తున్న కంప్యూటర్‌ను నడపడం ఏ డబ్బాకైనా వచ్చు. చూడని కంప్యూటర్‌కి, తనను వదిలేశారన్న అనుమానం రాకుండా చూసుకోవడంలోనే పనితనమంతా ఉంది.

ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి మారడానికి డబ్బా మీద బటన్ ఉంటుంది. డబ్బాని టేబుల్ కింద దాచేసేవాళ్లకి కీబోర్డ్ మీదే దారి ఉంది. స్క్రోల్ లాక్ మీటను వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే చాలా డబ్బాలు దాన్ని తమకిచ్చిన ఆజ్ఞగా తీసుకుంటాయి. స్క్రోల్ లాక్‌తో ఈ కాలంలో మామూలు వాడకందారుకి పనే లేదు. కాబట్టి ఎవరూ పొరపాటున రెండుసార్లు నొక్కరు. కేవీఎం తయారుచేసేవాళ్లు దాన్నే ఎంచుకోవడానికి కారణం అదే.

యూఎస్‌బీ వచ్చాక కీబోర్డ్, మౌస్ గొడవ చాలావరకు సద్దుమణిగింది. నడుస్తుండగా పీకినా పెట్టినా పనిచేసేలాగే యూఎస్‌బీని తయారుచేశారు. ఇప్పుడు తలనొప్పి మానిటర్ వైపు నుంచి వస్తోంది.

ప్రతి మానిటర్‌లోనూ ఒక చిన్న చిప్‌లో దాని జాతకం రాసి ఉంటుంది. ఏ కంపెనీ, ఏ మోడల్, తెర ఎంత వెడల్పు, ఎన్ని చుక్కలు చూపగలదు, సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మార్చగలదు. ఈడీఐడీ అనే ఈ చిట్టా మూలరూపం 128 బైట్లు, అంటే ఈ పేరా పొడవు కూడా ఉండదు. కేబుల్ పెట్టగానే కంప్యూటర్ అది చదివి దానికి తగ్గట్టు బొమ్మ పంపుతుంది. చవక డబ్బాలో స్విచ్ మారగానే, వదిలిన కంప్యూటర్‌కి ఆ జాతకం కనబడకుండా పోతుంది. మానిటర్ ఎవరో ఎత్తుకుపోయారని అది నిర్ణయించుకుంటుంది. ల్యాప్‌టాప్ అయితే పెద్ద మానిటర్ మీదున్న కిటికీలన్నింటినీ గబగబా తన చిన్న తెర మీదికి లాక్కుంటుంది. తిరిగి వచ్చేసరికి ఎక్కడ పెట్టిన ఎక్సెల్ అక్కడ ఉండదు. రోజుకి ఇరవైసార్లు మారే మనిషికి ఇరవైసార్లు సర్దుకోవడమే సరిపోతుంది. విండోస్ 11లో మానిటర్ తిరిగి తగిలినప్పుడు కిటికీలను పాత చోట్లకు చేర్చే సెట్టింగ్ ఒకటి ఇచ్చారు. అది కొంత నయం. అసలు మందు మాత్రం డబ్బాలోనే ఉండాలి. మంచి డబ్బా మానిటర్ జాతకాన్ని నకలు తీసి పెట్టుకుని, చూడని కంప్యూటర్‌కి కూడా చూపిస్తూ ఉంటుంది. కొనేటప్పుడు ఈడీఐడీ ఎమ్యులేషన్ ఉందా అని అడగాల్సింది ఇందుకే.

తర్వాత అడగాల్సింది తెర నాణ్యత గురించి. ఇక్కడ కాస్త లెక్క చేసి చూస్తే చాలా ప్రకటనల గుట్టు తెలుస్తుంది. 4కె తెర మీద అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలుంటాయి. మొత్తం దాదాపు 83 లక్షలు. సెకనుకి 60 బొమ్మలు, చుక్కకి 24 బిట్లు చొప్పున లెక్కకడితే సెకనుకి సుమారు 1,194 కోట్ల బిట్లు. పాత హెచ్‌డీఎంఐ 1.4 కేబుల్ దారిలో బొమ్మకి దక్కే చోటు సెకనుకి 816 కోట్ల బిట్లే. అందుకే ఆ రకం డబ్బా 4కె బొమ్మను సెకనుకి 30 సార్లు మాత్రమే చూపగలదు. డబ్బా అట్ట మీద 4కె అని పెద్దక్షరాలు ఉంటాయి, అది అబద్ధం కాదు. 30 అన్న అంకె మాత్రం అడుగున ఎక్కడో ఉంటుంది. 30 దగ్గర మౌస్ బాణం తేనెలో ఈదుతున్నట్టు కదులుతుంది, అరగంటలో కళ్లు అలిసిపోతాయి. హెచ్‌డీఎంఐ 2.0లో బొమ్మకి 1,440 కోట్ల బిట్ల చోటుంది కాబట్టి 60 హాయిగా నడుస్తుంది. మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కి 60 దగ్గర 300 కోట్ల బిట్లు కూడా అక్కర్లేదు. అలాంటి తెర ఉన్నవాళ్లు 4కె డబ్బాకి డబ్బు పోయనక్కర్లేదు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనే చోట, ఇవన్నీ దొరుకుతాయి. ఆన్‌లైన్లో కొన్నా దుకాణంలో కొన్నా కేబుళ్ల విషయం మరిచిపోకూడదు. స్విచ్ పెట్టాక బొమ్మ ఒక కేబుల్‌లో కాదు, రెండు కేబుళ్లలో ప్రయాణిస్తుంది. కంప్యూటర్ నుంచి డబ్బాకి ఒకటి, డబ్బా నుంచి మానిటర్‌కి ఇంకొకటి. మొత్తం పొడవు పెరుగుతుంది, మధ్యలో అతుకులు పెరుగుతాయి. తెర క్షణం పాటు నల్లబడి మళ్లీ వస్తుంటే డబ్బాని తిట్టుకునే ముందు కేబుల్ మార్చి చూడాలి. చాలాసార్లు దోషం ఆ పాత పొడవాటి కేబుల్‌దే అవుతుంది.

ఇంకో సంగతి కరెంటుది. చిన్న డబ్బాలకు వేరే అడాప్టర్ ఉండదు, కంప్యూటర్ యూఎస్‌బీ పోర్ట్ నుంచే కరెంటు తీసుకుంటాయి. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు. ఆ కాస్తలోనే డబ్బా బతకాలి, కీబోర్డ్, మౌస్ బతకాలి. దానికే వెబ్‌క్యామ్, బయటి హార్డ్ డిస్క్ కూడా తగిలిస్తే ఏదో ఒకటి మధ్యలో చేతులెత్తేస్తుంది. హార్డ్ డిస్క్‌ను స్విచ్‌కి తగిలించకపోవడానికి ఇంకా గట్టి కారణం ఉంది. బటన్ నొక్కిన క్షణాన ఫైల్ రాస్తూ ఉంటే, రాతగాడి చేతిలోంచి పుస్తకం లాక్కున్నట్టే. ఫైల్ పాడవుతుంది.

ఎర్తింగ్ సంగతి మన ఇళ్లలో ఎంత చెప్పినా తక్కువే. డెస్క్‌టాప్ యూపీఎస్ మీద, ల్యాప్‌టాప్ గోడ సాకెట్ మీద నడుస్తున్నప్పుడు రెండింటి ఎర్త్ ఒకే స్థాయిలో ఉండకపోవచ్చు. విడిగా ఉన్నంతకాలం దానివల్ల ఇబ్బంది లేదు. కేవీఎం డబ్బా ఆ రెండింటినీ తీగలతో కలిపేస్తుంది. అప్పుడు స్పీకర్లలో సన్నగా ఝుమ్మని మోత మొదలవుతుంది. రెండు పిన్నుల అడాప్టర్ ఉన్న ల్యాప్‌టాప్ ఇనుప ఒంటిని తాకితే చీమ కుట్టినట్టు చురుక్కుమనడం చాలామందికి అనుభవమే. ఆ చిన్న లీకేజీ కూడా ఇప్పుడు డబ్బా గుండా దారి వెతుక్కుంటుంది. అన్నింటినీ ఒకే పవర్ స్ట్రిప్ మీదికి తెచ్చి, ఆ స్ట్రిప్ పెట్టిన సాకెట్‌కి ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకుంటే ఈ బాధలు చాలావరకు పోతాయి. కొత్త డబ్బా కొనే ముందు చేయాల్సిన పని ఇది. చాలామంది దీన్ని చివర్లో చేస్తారు.

కొన్ని మానిటర్లు ఇప్పుడు ఈ డబ్బాని కడుపులోనే పెట్టుకుని వస్తున్నాయి. డెల్, ఎల్‌జీ, బెన్‌క్యూ, గిగాబైట్ లాంటి కంపెనీల కొన్ని మోడళ్లలో కేవీఎం సౌకర్యం ఉంది. కీబోర్డ్, మౌస్‌లను మానిటర్ వెనకున్న పోర్టులకే తగిలిస్తారు. తెర ఏ కంప్యూటర్ బొమ్మ చూపిస్తుంటే కీబోర్డ్ ఆ కంప్యూటర్‌దే అవుతుంది. ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ-సీ ఉంటే ఇంకా సుఖం. ఒక్క కేబుల్‌లోనే బొమ్మ అటు వెళుతుంది, కీబోర్డ్ మౌస్ కబుర్లు ఇటు వస్తాయి, ల్యాప్‌టాప్ చార్జింగ్ కూడా అయిపోతుంది. ఎలాగూ కొత్త మానిటర్ కొనాలనుకుంటున్నవాళ్లకి ఇదే అన్నిటికంటే శుభ్రమైన దారి. టేబుల్ మీద అదనంగా ఒక్క డబ్బా కూడా ఉండదు.

ఉన్న మానిటర్‌తోనే సరిపెట్టుకోవాలనుకునేవాళ్లకి ఒక చక్కటి అడ్డదారి ఉంది. చాలా మానిటర్లకు రెండు మూడు ఇన్‌పుట్‌లు ముందే ఉంటాయి. రెండు కంప్యూటర్లనూ నేరుగా మానిటర్‌కే తగిలించి, కీబోర్డ్ మౌస్‌లకు మాత్రం చవకైన యూఎస్‌బీ స్విచ్ ఒకటి పెడితే, వీడియో డబ్బా ఖర్చూ దాని పరిమితులూ రెండూ తప్పుతాయి. ఇన్‌పుట్ మార్చడానికి ప్రతిసారీ మానిటర్ కింద బటన్లు తడుముకోవాలి కదా అనిపిస్తుంది. దానికీ దారి ఉంది. డీడీసీ/సీఐ అనే పద్ధతిలో కంప్యూటర్ వీడియో కేబుల్ గుండానే మానిటర్‌కి ఆజ్ఞలు పంపగలదు. వెలుతురు తగ్గించు, ఇన్‌పుట్ మార్చు, ఇలాంటివి. డిస్‌ప్లే స్విచ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఈ రెండింటినీ ముడిపెట్టింది. యూఎస్‌బీ స్విచ్ నొక్కగానే కీబోర్డ్ తన దగ్గర్నుంచి వెళ్లిపోయిందనో, తన దగ్గరికి వచ్చిందనో అది కనిపెడుతుంది. వెంటనే మానిటర్‌కి ఇన్‌పుట్ మార్చమని చెబుతుంది. బటన్ ఒకటి నొక్కితే పనులు రెండు జరుగుతాయి. అన్ని మానిటర్లూ ఈ ఆజ్ఞలను ఒకేలా వినవు, కొన్నింటిలో మెనూలోకి వెళ్లి ఆ సౌకర్యాన్ని ఆన్ చేయాలి. ఓపిక ఉన్నవాళ్లకి ఒక సాయంత్రం పని.

ఇంతవరకూ చెప్పిందంతా తీగల మార్గం. దీనికి పూర్తిగా ఎదురు దిక్కున ఇంకో ఆలోచన నడిచింది. కంప్యూటర్లన్నీ ఒకే నెట్‌వర్క్ మీద ఉన్నప్పుడు కీబోర్డ్ కబుర్లను ఆ నెట్‌వర్క్ మీదే పంపితే సరిపోదా? 1996లో అమెరికాలో సిలికాన్ గ్రాఫిక్స్ అనుబంధ కంపెనీలో కాస్మోసినర్జీ అనే ప్రోగ్రామ్ పుట్టింది. ఆ ఆలోచనే 2001లో క్రిస్ షోనెమన్ చేతుల్లో సినర్జీగా జనంలోకి వచ్చింది. రెండు కంప్యూటర్లు, రెండు తెరలు పక్కపక్కన ఉంటాయి. కీబోర్డ్, మౌస్ మాత్రం ఒకదానికే తగిలించి ఉంటాయి. మౌస్ బాణాన్ని మొదటి తెర కుడి అంచుదాకా తోసి, ఇంకాస్త తోస్తే, అది రెండో కంప్యూటర్ తెర ఎడమ అంచులో ప్రత్యక్షమవుతుంది. మొదటిది విండోస్, రెండోది మ్యాక్, మూడోది లైనక్స్ అయినా సరే. మొదటిసారి చూసినవాళ్లు మౌస్‌ను వెనక్కీ ముందుకీ నాలుగుసార్లు దాటించి చూడకుండా ఉండలేరు. మొదటి కంప్యూటర్లో కాపీ చేసిన మాటను రెండోదాంట్లో పేస్ట్ చేసుకోవచ్చు.

సినర్జీ తర్వాత డబ్బు పెట్టి కొనుక్కునే సరుకైంది. మూలం బహిరంగం కావడంతో దాన్నుంచి బారియర్ అనే ఉచిత శాఖ పుట్టింది, అందులోంచి ఇన్‌పుట్ లీప్ వచ్చింది. సినర్జీ మూలాన్ని ఇప్పుడు డెస్క్‌ఫ్లో అన్న పేరుతో ఉచితంగానే అందిస్తున్నారు. మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగులు తీరిక వేళల్లో తయారుచేసినవాటిని బయటపెట్టే గరాజ్ అనే విభాగం ఉంది. అక్కడి నుంచి 2011లో ట్రువాంగ్ డో తయారుచేసిన మౌస్ వితౌట్ బోర్డర్స్ వచ్చింది. నాలుగు విండోస్ కంప్యూటర్లదాకా కలుపుతుంది. 2023లో దాన్ని పవర్‌టాయ్స్ అనే ఉచిత పనిముట్ల మూటలో చేర్చారు. ఇంట్లో ఉన్నవన్నీ విండోస్ అయితే వేరే వెతుకులాట అక్కర్లేదు, ఇదే చాలు. యాపిల్ 2022 మార్చిలో తన మ్యాక్‌లకు, ఐప్యాడ్‌లకు యూనివర్సల్ కంట్రోల్ ఇచ్చింది. పది మీటర్ల లోపల ఒకే యాపిల్ ఖాతాతో ఉన్న పరికరాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టి మౌస్‌ను అటూ ఇటూ పోనిస్తాయి. లాజిటెక్ తన మౌస్‌లతో ఫ్లో పేరిట ఇలాంటిదే ఇస్తోంది.

ఇంత బాగుంటే డబ్బాలెందుకు అనిపించడం సహజం. ఈ ప్రోగ్రామ్‌లు పంచేది కీబోర్డ్, మౌస్ మాత్రమే, మానిటర్‌ను కాదు. ప్రతి కంప్యూటర్‌కీ దాని తెర దానికి ఉండాలి. పక్కన తెర తెరిచి ఉన్న ల్యాప్‌టాప్‌కి ఇది అతికినట్టు సరిపోతుంది. కాళ్ల దగ్గరున్న తెరలేని సీపీయూకి పనికిరాదు. అలాగే రెండో కంప్యూటర్ పూర్తిగా లేచి, ప్రోగ్రామ్ నడవడం మొదలయ్యాకే బాణం అటు దాటుతుంది. ఆన్ అయ్యేటప్పుడు వచ్చే బయోస్ మెనూ దాకా దాని చెయ్యి అందదు. విండోస్ పాడై నీలం తెర వచ్చిన రోజున అవతలి కీబోర్డ్‌ను అటక మీద నుంచి దించాల్సిందే.

తెలుగు టైప్ చేసేవాళ్లు తప్పక తెలుసుకోవలసిన తేడా ఒకటుంది. కీబోర్డ్ అక్షరాలు పంపదు, అంకెలు పంపుతుంది. యూఎస్‌బీ కీబోర్డ్ మీద కె మీట నొక్కితే తీగలో వెళ్లేది 14 అన్న అంకె. ఇంగ్లీషు పెట్టుకున్న కంప్యూటర్ దాన్ని కె అని రాస్తుంది, ఇన్‌స్క్రిప్ట్ తెలుగు పెట్టుకున్న కంప్యూటర్ క అని రాస్తుంది. కేవీఎం డబ్బా ఆ 14ను ఉన్నదున్నట్టు అందిస్తుంది కాబట్టి దాంతో తెలుగుకి ఏ ఇబ్బందీ రాదు. ఏ కంప్యూటర్లో ఏ భాష అన్నది ఆ కంప్యూటర్ ఇష్టం. సినర్జీ కుటుంబంలోని ప్రోగ్రామ్‌లు మాత్రం మొదటి కంప్యూటర్లో ఆ మీట ఏ అక్షరం అయిందో చూసి, దాన్ని అవతల మళ్లీ పుట్టించే ప్రయత్నం చేస్తాయి. మొదటి దాంట్లో తెలుగు పెట్టి రెండోదాంట్లో టైప్ చేస్తే కొన్నిసార్లు అక్షరాలు రావు, వచ్చినా తప్పుగా వస్తాయి. మొదటిదాన్ని ఇంగ్లీషులోనే ఉంచి, తెలుగును రెండోదాంట్లో ఎంచుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

ఆఫీసు ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి అసలు నిర్ణయం సౌకర్యం మీద ఆధారపడదు, భద్రత మీద ఆధారపడుతుంది. సొంత కంప్యూటర్‌నీ ఆఫీసు కంప్యూటర్‌నీ ఒక ప్రోగ్రామ్‌తో కలిపి, క్లిప్‌బోర్డ్ పంచుకోవడమంటే రెండిళ్ల మధ్య గోడకి కిటికీ తెరవడమే. ఇటు కాపీ చేసిన బ్యాంకు పాస్‌వర్డ్ అటు తేలుతుంది, అటు కాపీ చేసిన కస్టమర్ వివరాలు ఇటు తేలతాయి. ఆఫీసు అనుమతి లేకుండా అలాంటి ప్రోగ్రామ్ వేయకూడదు. చాలా కంపెనీల ల్యాప్‌టాప్‌లలో వేద్దామన్నా వేయనివ్వరు. డబ్బాకి ఆ బెడద లేదు. దానిలో ప్రోగ్రామ్ వేసేది లేదు, క్లిప్‌బోర్డ్ లేదు, ల్యాప్‌టాప్‌కి అది ఉత్త కీబోర్డ్, ఉత్త మానిటర్ లాగే కనబడుతుంది. అంత మాత్రం చేత ఏ డబ్బా అయినా గోడలాంటిదని కాదు. అమెరికా ప్రభుత్వం, సైన్యం రహస్య నెట్‌వర్క్‌నీ మామూలు నెట్‌వర్క్‌నీ ఒకే టేబుల్ మీద వాడేచోట ప్రత్యేకంగా పరీక్షించి ధ్రువీకరించిన సురక్షిత కేవీఎంలే వాడాలని నియమం పెట్టుకున్నాయి. వాటిలో కీబోర్డ్ కబురు కంప్యూటర్ వైపు మాత్రమే వెళ్లేలా, తిరిగి ఏదీ రాకుండా ఒకవైపు దారులు పెడతారు. పెన్ డ్రైవ్ తగిలిస్తే ఒప్పుకోవు, డబ్బా మూత తెరిస్తే పనిచేయడం మానేస్తాయి. ఇంటికి అంత అక్కర్లేదు. కానీ కలపడం వేరు, మార్చడం వేరు అన్న తేడా ఇంటికీ వర్తిస్తుంది. రెండూ సొంతవైతే కలుపుకోవచ్చు. ఒకటి పరాయిదైతే మార్చుకోవడమే మేలు.

కాళ్ల దగ్గరున్న మూడో సీపీయూకి, నిజం చెప్పాలంటే, స్విచ్ పోర్ట్ కూడా దండగే. వారానికోసారి ఫొటోలు చూసే యంత్రానికి కేబుళ్లు లాగనవసరం లేదు. దాన్ని బీరువా పక్కన ఎక్కడైనా పెట్టి, నెట్‌వర్క్ తీగ ఒకటి తగిలించి, దాని తెరను ఈ కంప్యూటర్లో ఒక కిటికీలో తెరుచుకోవచ్చు. విండోస్ ప్రో అయితే రిమోట్ డెస్క్‌టాప్ అందులోనే ఉంటుంది. హోమ్ రకానికి ఆ సౌకర్యం లేదు, బయటి నుంచి దానిలోకి రానివ్వదు. అప్పుడు వీఎన్‌సీ ఉంది. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్‌లోని ఒలివెట్టి పరిశోధనాలయంలో పుట్టి, 1990ల చివర్లో అందరికీ ఉచితంగా అందిన పద్ధతి అది. నిద్రపోతున్న సీపీయూను లేపడానికి వేక్ ఆన్ లాన్ ఉంది. నెట్‌వర్క్ మీద 102 బైట్ల పొట్లం ఒకటి పంపుతారు. మొదటి ఆరు బైట్లూ ఒకటే అంకె, 255. ఆ తర్వాత ఆ సీపీయూ నెట్‌వర్క్ కార్డ్ చిరునామా 16 సార్లు. నిద్రలో పేరు పెట్టి పదహారుసార్లు పిలిస్తే లేచినట్టు అది లేస్తుంది.

ఇదే పనిని ఊళ్లు దాటించే డబ్బాలు కూడా ఉన్నాయి. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్‌తో చేసిన పైకేవీఎం వాటిలో పేరున్నది, దాని మూలం అందరికీ బహిరంగం. ఒకవైపు హెచ్‌డీఎంఐ గుండా వచ్చే బొమ్మను పట్టుకుంటుంది, ఇంకోవైపు యూఎస్‌బీ కీబోర్డ్, మౌస్ వేషం కడుతుంది, రెండింటినీ ఇంటర్నెట్ మీద బ్రౌజర్లో చూపిస్తుంది. గుంటూరులో తండ్రి కంప్యూటర్ ఆన్ అవుతూనే ఆగిపోతే, డల్లాస్‌లో ఉన్న కొడుకు బయోస్ మెనూ తెరిచి చూడగలడు, విండోస్ మళ్లీ వేయగలడు. ప్రోగ్రామ్‌ల మార్గానికి అందని చోటు ఇది. దీన్ని తలుపు తాళం లేకుండా ఇంటర్నెట్ మీద వదిలితే మాత్రం ఆ కొడుకు చేసే పనులన్నీ ఎవడైనా చేయగలడు. వీపీఎన్ వెనక పెట్టడం, గట్టి పాస్‌వర్డ్ పెట్టడం తప్పనిసరి.

తిరిగి ఆ నాలుగడుగుల టేబుల్ దగ్గరికి వస్తే, చాలా ఇళ్లకి సరిపోయేది రెండు పోర్టుల కేవీఎం డబ్బా ఒకటి, ఆఫీసు ల్యాప్‌టాప్‌కీ సొంత డెస్క్‌టాప్‌కీ మధ్య. కొన్నాక దాన్ని ఒక పూట పరీక్షించి చూడాలి. స్విచ్‌ను ల్యాప్‌టాప్ వైపు ఉంచి, డెస్క్‌టాప్‌ను ఆఫ్ చేసి, దాని వైపు మారకుండానే మళ్లీ ఆన్ చేయాలి. మూడు నిమిషాలు ల్యాప్‌టాప్ మీదే ఏదైనా పనిచేసుకోవాలి. అప్పుడు డెస్క్‌టాప్ వైపు మారి చూస్తే పాస్‌వర్డ్ అడిగే తెర పూర్తి సైజులో, స్పష్టంగా కనబడాలి. మొదటి మీట నొక్కగానే చుక్క పడాలి, లోపలికి వెళ్లాక మౌస్ చక్రం తిప్పితే పేజీ కదలాలి. మళ్లీ ల్యాప్‌టాప్ వైపు వస్తే వదిలిన కిటికీలు వదిలిన చోటే ఉండాలి. రాత్రి రెండింటినీ స్లీప్‌లో పెట్టి, పొద్దున లేపి ఇంకోసారి ఇదే చూడాలి. ఎక్కడ తేడా వచ్చినా, ముందు కేబుల్ మార్చి చూసి, అప్పటికీ కుదరకపోతే తిరిగి ఇచ్చే గడువు దాటకముందే డబ్బాని వెనక్కి పంపేయాలి. అన్నీ నెగ్గితే, రెండు కేబుళ్లకీ రెండు రంగుల టేపు చుట్టి, గోడకి ఆనించిన ఆ కీబోర్డ్‌ని అటకెక్కించవచ్చు. కాఫీ గ్లాసుకి చోటు దొరుకుతుంది.